డస్టీ అంటే కుక్కపిల్ల అనుకున్నాను, ఇప్పుడు ఆఫీసులో ముఖం చెల్లడం లేదు

ట్రుగనినా కొత్తబ్బాయి
2024 ఆగస్టు 10, శనివారం

అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్ వచ్చి ఏడు వారాలైంది. మాది ఖమ్మం, ఇక్కడ ట్రుగనినాలో ఉంటున్నాను. ఒక ఇబ్బందిలో పడ్డాను, పెద్దవాళ్ళు ఎవరైనా సలహా చెప్పండి.

మంగళవారం మా టీమ్ లీడ్ ఫోన్ చూసుకుని కుర్చీలో అలాగే ఉండిపోయాడు. యాభై దాటిన మనిషి. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. ఏమైందని అడిగితే డస్టీ గురించి ఏదో చెప్పి, అంతా అయిపోయిందన్నాడు. ఇక్కడి యాస నాకింకా సగమే అర్థమవుతుంది. పోయిన వారమే వాళ్ళ ముసలి కుక్కకి బాగోలేదని చెప్పాడు. అదే పోయిందనుకుని, "అయ్యో, ఎన్నేళ్ళు పెంచారు?" అన్నాను. పక్క సీటావిడ మెల్లగా చెప్పింది, డస్టీ అంటే డస్టిన్ మార్టిన్ అట, ఫుటీ (ఇక్కడివాళ్ళ ఫుట్‌బాల్) ప్లేయర్ అట, రిటైర్ అయ్యాడట. వయసెంత అంటే ముప్ఫై మూడట. నాకు నవ్వు ఆగలేదు. "ఓహ్, అంతేనా!" అనేశాను. నవ్వింది నేనొక్కణ్ణే.

సర్దుకుందామని లంచ్‌లో "మీరు ఏ టీమ్‌కి రూట్ చేస్తారు?" అని అడిగాను. అమెరికా సీరియల్స్‌లో విన్న మాటే. ఈసారి అందరూ నవ్వారు. ఎందుకో ఒక్కరూ చెప్పలేదు.

నిన్న ఆయనే వచ్చి, 24న ఎంసీజీ స్టేడియంలో డస్టీ జట్టు రిచ్‌మండ్‌కి ఈ సీజన్‌లో చివరి మ్యాచ్, అతనికి వీడ్కోలు చెప్పడానికి అందరం వెళుతున్నాం, ఒక టికెట్ ఎక్కువుంది, వస్తావా అన్నాడు. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను. టెన్షన్‌గా ఉంది. వెళ్ళాలా? వెళితే ఏం మాట్లాడాలి? ఆ బంతి కోలగా ఉంటుందని తప్ప నాకు ఆ ఆట గురించి ఏమీ తెలియదు.


పాయింట్ కుక్ అక్క
ఆగస్టు 10

తమ్ముడూ, కుక్క సంగతి చదివి మా ఆయనా నేనూ కడుపు పట్టుకుని నవ్వాం. ఏమీ అనుకోకు.

ముందు ఆ రూట్ మాట మరిచిపో. అమెరికాలో అది మంచి మాటే, ఇక్కడ మాత్రం దానికి పడకగది అర్థం. మీ లంచ్ టేబుల్ మీద నువ్వు ఏం అడిగావో ఇప్పుడు నీకే అర్థమైపోయుంటుంది. ఇక్కడ "బారాక్" అంటారు, హూ డు యూ బారాక్ ఫర్ అని. వచ్చిన మొదటి ఏడాది నేనూ అదే తప్పు చేశాను, అదీ మా పాప కిండర్ టీచర్‌తో.

టికెట్ ఇస్తానన్నాడంటే నీ మీద కోపం లేనట్టే. తప్పకుండా వెళ్ళు. జెర్సీ కొనక్కర్లేదు, వంద డాలర్ల పైమాటే. నల్లదో పసుపుదో ఏదో ఒకటి ఒంటి మీద ఉంటే చాలు. ఆగస్టు చలి తెలుసుగా, ఎండ ఉందని మోసపోకు, లోపల థర్మల్ వేసుకో. స్టేడియంలో అందరూ "మీట్ పై" తింటారు. అది మామూలుగా బీఫ్. నువ్వు తినకపోతే చిప్స్ తెచ్చుకో, లేదా ఇంటి నుంచి డబ్బా కట్టుకెళ్ళు, ఎంసీజీలోకి తిండి తీసుకెళ్ళనిస్తారు. గాజు సీసాలు మాత్రం వద్దు.


పాత రిచ్‌మండ్ అద్దెవాసి
ఆగస్టు 11

తమ్ముడూ, నువ్వు నవ్వినందుకు తప్పు పట్టను కానీ ఒక సంగతి చెబుతాను. 2012 ఆగస్టు 18న వీవీఎస్ లక్ష్మణ్ రిటైర్ అవుతున్నానని చెప్పినప్పుడు నేను హైదరాబాద్‌లోనే ఉన్నాను. ఇంకో ఐదు రోజుల్లో ఉప్పల్‌లో న్యూజిలాండ్‌తో టెస్టు. సొంత ఊళ్ళో ఆ ఒక్క మ్యాచ్ ఆడి వెళ్ళకూడదా అని మా నాన్న టీవీతోనే పోట్లాటకి దిగాడు. ఆ పూట అన్నం కలిపి అలాగే వదిలేశాడు. ఆ మనిషిని చూసి ఎవరైనా "అంతేనా" అనుంటే మళ్ళీ మా గడప తొక్కనిచ్చేవాడు కాదు. డస్టీదీ అదే వరస. సీజన్‌లో ఇంకా మూడు మ్యాచ్‌లుండగా ఇక చాలన్నాడు. మొదటి నుంచీ మైకు కనబడితే పక్కకి తప్పుకునే రకం. వెళ్ళేటప్పుడూ అలాగే వెళ్ళాడు.

మీ టీమ్ లీడ్ ఏడుపు సంగతి తెలియాలంటే 1980కి వెళ్ళాలి. ఆ ఏడాది రిచ్‌మండ్ కప్పు గెలిచింది. మళ్ళీ గెలిచింది 2017లో. మధ్యలో ముప్ఫై ఏడేళ్ళు. ఆయనకి యాభై దాటాయన్నావుగా, లెక్క వేసుకో. బడికెళ్ళే వయసులో ఒకటి చూశాడు. రెండోది చూసేసరికి జుట్టు నెరిసింది.

2017 సెప్టెంబర్ చివర్లో నేను స్వాన్ స్ట్రీట్ వెనక సందులో అద్దెకుండేవాణ్ణి. సోమవారం రాత్రి డస్టీకి బ్రౌన్‌లో మెడల్ వచ్చింది. ఏడాది పొడుగునా అంపైర్లు వేసే ఓట్లతో ఉత్తమ ఆటగాడికి ఇచ్చేది. 36 ఓట్లు, అప్పటికి అదే రికార్డు. శనివారం ఫైనల్‌లో అడిలైడ్ మీద 48 పాయింట్ల తేడాతో గెలిచారు, ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ కూడా అతనికే. ఒకే సీజన్‌లో కప్పు, ఆ రెండు మెడల్స్, మూడూ అంతకుముందు ఎవరికీ దక్కలేదు. ఆ రాత్రి స్వాన్ స్ట్రీట్ నిండా జనం, మన నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ చూసినట్టే ఉంది. మా పక్కింటి ముసలాయన మాత్రం ఆ గుంపులోకి పోలేదు. వంటింట్లోంచి కుర్చీ తెచ్చి గేటు ముందు వేసుకుని కూర్చున్నాడు. ఒంటి మీద పాత ఉన్ని జెర్సీ, మోచేయి దగ్గర వేరే రంగు దారంతో రఫు చేసి ఉంది. దారిన పోయేవాళ్ళు ఎవరెవరో ఆయన భుజం తట్టి పోతున్నారు. నేను కంగ్రాట్స్ చెబితే, "మా అన్న ఉంటే బాగుండేది" అన్నాడు. అప్పటిదాకా ఫుటీ అంటే నాక్కూడా నవ్వే.

అతని ఆటలో ఒక్కటి చూస్తే చాలు. మీద పడి పట్టుకోవడానికి వచ్చినవాడి ఛాతీ మీద అరచేయి ఆనించి, బంతి రెండో చంకలో పెట్టుకుని, వాణ్ణి తలుపు తోసినట్టు తోసి వెళ్ళిపోతాడు. దాన్ని "డోంట్ ఆర్గ్యూ" అంటారు. నాతో వాదన పెట్టుకోకు అన్నట్టు. ఇంటికెళ్ళి యూట్యూబ్‌లో చూడు, తర్వాత ఆఫీసులో ఆ ఒక్క మాట వాడు.

2019లో మళ్ళీ కప్పు, మళ్ళీ అదే నార్మ్ స్మిత్ మెడల్. 2020 సంగతి వేరు. కోవిడ్ వల్ల ఫైనల్ బ్రిస్బేన్‌లో, రాత్రిపూట పెట్టారు. మెల్‌బోర్న్‌లో మేమంతా లాక్‌డౌన్‌లో ఇళ్ళలోనే ఉన్నాం. హాఫ్ టైమ్‌కి జిలాంగ్ ముందుంది. డస్టీ ఆ రోజు నాలుగు గోల్స్ కొట్టాడు. వీధిలో పురుగు లేదు, కానీ అతను గోల్ కొట్టిన ప్రతిసారీ కంచెల అవతల నుంచి కేకలు. అలా మూడు నార్మ్ స్మిత్‌లు అతనికి తప్ప ఇంకెవరికీ లేవు. ఆ ఏడాదిలో మా వీధివాళ్ళు ఒకరి గొంతు ఒకరు విన్నది ఆ ఒక్క రాత్రే అనిపిస్తుంది నాకు.

ఇంకొకటి, మనలాంటివాళ్ళకి తగిలేది. అతని తండ్రి న్యూజిలాండ్ మనిషి, మావోరీ. ఇక్కడ ఎన్నో ఏళ్ళున్నాక ప్రభుత్వం వీసా రద్దు చేసి 2016లో పంపేసింది. కొడుకు మూడు కప్పులు గెలిచినా తండ్రి ఒక్క ఫైనల్‌కీ గ్రౌండ్‌లో లేడు. 2021 చివర్లో ఆక్లాండ్‌లో పోయాడు. ఆయన మీద పోలీసులు చెప్పేవి చాలా ఉన్నాయి, ఆ వాదన మనకెందుకు. వీసా మాట ఎత్తితేనే మనకి నిద్ర పట్టదు, అంతే చెబుతున్నా.

ఈ జూన్ 15న అతని మూడొందలో మ్యాచ్. పట్టికలో అడుగున కొట్టుకుంటున్న జట్టు. అయినా ఎంసీజీకి 92 వేల పైచిలుకు జనం వచ్చారు. హాథార్న్ చేతిలో చిత్తుగా ఓడారు కూడా. నేనూ మా అబ్బాయీ పై అంతస్తులో ఉన్నాం. ఆట మొదలవక ముందు క్రేప్ పేపర్‌తో చేసిన పెద్ద బ్యానర్ పట్టుకుంటారు, ఆటగాళ్ళు దాన్ని చించుకుంటూ లోపలికి పరిగెడతారు. అభిమానులే కాగితం ముక్కలు పరిచి, టేపు అంటించి, చేత్తో చేస్తారు. గాలి వీస్తే తాళ్ళు పట్టుకున్నవాళ్ళ పాట్లు చూడాలి. అంత కష్టపడి చేసింది రెండు సెకన్లలో ముక్కలవుతుంది, దానికి సంబరపడేది కూడా వాళ్ళే. మన వినాయకుడి సంగతి తెలిసినవాళ్ళకి దీనికి వేరే వివరణ అక్కర్లేదు.

మీ లీడ్‌కి పెద్ద క్షమాపణలు చెప్పకు, ఆయనకే మొహమాటంగా ఉంటుంది. "నిన్ను మొదటిసారి మ్యాచ్‌కి ఎవరు తీసుకెళ్ళారు?" అని అడుగు. అడిగి ఊరుకో.


సిడ్నీ నుంచి ఒకడు
ఆగస్టు 11

అన్నయ్య బాగా రాశారు, రిచ్‌మండ్ భక్తి కాస్త ఎక్కువైనా. మాకు బడ్డీ ఫ్రాంక్లిన్ ఉన్నాడు. 2022 మార్చిలో వెయ్యో గోల్ కొట్టినప్పుడు సిడ్నీ స్టేడియం ఎస్‌సీజీలో వేలమంది మైదానంలోకి ఉరికారు, ఆట అరగంట దాకా ఆగిపోయింది. నేనూ దూకాను. కొత్త బూటు ఒకటి అక్కడే పోయింది. పోయినేడాది అతనూ దెబ్బ తగిలి, వీడ్కోలు మ్యాచ్ లేకుండానే వెళ్ళిపోయాడు. 354 మ్యాచ్‌లు, 1066 గోల్స్.

కానీ తమ్ముడికి రెండో వైపు కూడా తెలియాలి. ఆడమ్ గూడ్స్ మా జట్టువాడే, ఆదివాసీ. రెండు బ్రౌన్‌లోలు, 372 మ్యాచ్‌లు, 2014లో ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్. జాతి వివక్ష గురించి నోరు విప్పాడని చివరి రెండేళ్ళు ఊరూరా స్టేడియంలలో అతనికి బంతి అందితే చాలు బూ అని అరిచారు. ఫైనల్ రోజు రిటైర్ అయ్యేవాళ్ళని మైదానం చుట్టూ ఊరేగించడం ఇక్కడి ఆనవాయితీ. 2015లో గూడ్స్ దానికి రానన్నాడు. లీగూ క్లబ్బులూ క్షమాపణ చెప్పింది 2019లో. చప్పట్లు కొట్టేదీ అరిచేదీ ఒకే జనం, అది గుర్తుపెట్టుకుని వెళ్ళు. నీ పక్కన ఎవడైనా చెత్తగా మాట్లాడితే వాడితో పెట్టుకోవద్దు. స్టేడియంలో ఫిర్యాదుకి మెసేజ్ నంబర్ ఉంటుంది, సీటు నంబర్ పెట్టి పంపు.


పద్దెనిమిదేళ్ళుగా మెల్‌బోర్న్
ఆగస్టు 11

అందరూ వెళ్ళు వెళ్ళు అంటున్నారు. నేను ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు, ఇల్లు కొన్నాను, సిటిజన్‌షిప్ వచ్చింది, ఏ లోటూ లేదు. ఇష్టం లేనిది నటించకు, పట్టేస్తారు. మా ఆఫీసులో ఒకడు ప్రతి సోమవారం స్కోర్లు బట్టీ పట్టుకొచ్చేవాడు, చూడటానికే సిగ్గుగా ఉండేది.


పాయింట్ కుక్ అక్క
ఆగస్టు 11

పైన అన్నయ్యగారు అన్నది నిజమే, నటించొద్దు. కానీ పిలిచినప్పుడు పోకపోవడం వేరు కదండీ. ఇష్టం లేకపోయినా మన దగ్గర ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళలేదూ.

తమ్ముడికి ఆట గురించి క్లుప్తంగా: అటు నాలుగు, ఇటు నాలుగు స్తంభాలు. మధ్య రెండింటి లోంచి తన్నితే ఆరు, పక్కగా పోతే ఒకటి. జట్టుకి పద్దెనిమిది మంది. ఎవరినైనా గట్టిగా పట్టుకుంటే జనమంతా "బాల్!" అని అరుస్తారు, నువ్వూ అరిచెయ్. తప్పైనా పర్వాలేదు, అరిచేవాళ్ళలో సగం మందిది తప్పే. 24న ఎదుటి జట్టు గోల్డ్ కోస్ట్. వాళ్ళ కోచ్ ఎవరో తెలుసా, రిచ్‌మండ్‌కి ఆ మూడు కప్పులూ తెచ్చిన హార్డ్‌విక్కే. అందుకని ఆ రోజు ఎవరికి చప్పట్లు కొడుతున్నారో నీకు తికమకగా ఉంటుంది.

కారు తీయకు, పార్కింగ్‌కి ఒళ్ళు హూనమవుతుంది. టార్నిట్ స్టేషన్ నుంచి వీ లైన్‌లో సదరన్ క్రాస్, అక్కడ మారి రిచ్‌మండ్ స్టేషన్‌లో దిగు. దిగాక దారి అడగక్కర్లేదు, జనం ఎటు పోతే అటే. శనివారం పట్టాల పనులని రైలు బదులు బస్సులు వేస్తుంటారు, ముందురోజు రాత్రే యాప్‌లో చూసుకో.


ట్రుగనినా కొత్తబ్బాయి
ఆగస్టు 13, మంగళవారం

అందరికీ థాంక్స్. నిన్న టీ టైమ్‌లో అన్నయ్య చెప్పినట్టే అడిగాను. ఆయన కప్పు కింద పెట్టి, వాళ్ళ అమ్మ అన్నాడు. నాన్న కాదట, అమ్మ. పాల క్రేట్ ఒకటి పట్టుకొచ్చేదట, ఆయన దాని మీద నిలబడి చూసేవాడట, సగం ఆట ముందువాళ్ళ టోపీలే కనబడేవట. ఇరవై నిమిషాలు చెప్పాడు. నేను లక్ష్మణ్ సంగతి చెప్పాను. ఆయనకి నాకంటే బాగా తెలుసు! కోల్‌కతా 281 గురించి మాట్లాడి, ఆ మనిషి సిడ్నీలో కూడా మమ్మల్ని ఏడిపించాడన్నాడు. వెళ్ళేముందు డ్రాయర్‌లోంచి ఒక పాత స్కార్ఫ్ తీసి, ఆ రోజుకి వాడుకో, తిరిగి ఇచ్చెయ్యి అన్నాడు. తిరిగి ఇచ్చెయ్యి అని రెండుసార్లు చెప్పాడు.

24న వెళుతున్నాను. మొత్తం ఆరుగురం. పైలు వద్దని, అందరికీ నేనే పులిహోర తెస్తానని చెప్పేశాను. వాళ్ళ జట్టు పేరు టైగర్స్ కదా, పులులకి పులిహోర అని చెబుదామంటే ఇంగ్లీషులో ఆ జోకు ఎలా చెప్పాలో తెలియలేదు. అక్కా, ఆరుగురికి బియ్యం ఎంత పొయ్యాలి? ఇంతవరకు నాకొక్కడికే వండుకున్నాను.


పాయింట్ కుక్ అక్క
ఆగస్టు 13

సోనా మసూరి మూడు గ్లాసులు. పొద్దున్నే వండి పళ్ళెంలో ఆరబెట్టి, పసుపూ నూనే పట్టించు. వాళ్ళకి పచ్చిమిర్చి కొరకడం అలవాటు ఉండదు, చీల్చి వెయ్యి, కనబడితే తీసేసుకుంటారు. వేరుశనగ ఎవరికైనా పడదేమో ముందే అడుగు, ఇక్కడ అది చాలా ముఖ్యం. ఆవాలు మాత్రం ధారాళంగా వెయ్యి. పసుపు మీద నల్లగా, వాళ్ళ జెర్సీ లాగే ఉండాలి.