జర్మనీలో ప్రకటన లేని ఉద్యోగానికి దరఖాస్తు: చిత్తూరు నుంచి వచ్చిన చెల్లెలి ప్రశ్న, నా జవాబు

ప్రశ్న: అందరికీ నమస్కారం. నాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో 4 సీజన్లు పనిచేసి, ఇక్కడికి వచ్చి ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ ఇచ్చే చాన్సెన్‌కార్టె అనే అనుమతి మీద రెండు నెలల క్రితం వచ్చాను. జర్మన్ భాష బీ1 వరకే, అంటే మధ్యస్థాయి వరకే వచ్చు. ప్రకటన లేకపోయినా కంపెనీలకు నేరుగా రాయవచ్చునని విని, 150 కంపెనీలకు దరఖాస్తు పంపాను. మూడు జవాబులు వచ్చాయి, మూడూ తిరస్కరణలే. నేను చేస్తున్నదానిలో తప్పేమిటో చెప్పగలరా?

జవాబు: చెల్లెమ్మా, నమస్కారం. నాది తిరుపతి. పదకొండేళ్లుగా స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటున్నాను. మీరు విన్నది నిజమే. ఇక్కడ దీనిని ఇనిషియాటివ్‌బెవెర్బుంగ్ అంటారు, చాలా కంపెనీలు తమ వెబ్‌సైటులో దీనికి విడిగా చోటు కూడా కల్పిస్తాయి, కాబట్టి పిలవని పేరంటానికి వెళుతున్నామన్న సంకోచం అక్కరలేదు. అయితే ప్రకటన ఉన్నప్పుడు తమకేమి కావాలో కంపెనీయే చెబుతుంది. అది లేనప్పుడు ఆ సంగతి కనిపెట్టి రాయవలసిన బాధ్యత మనది. ఒకే లేఖ 150 చోట్లకు వెళితే, ఈ అమ్మాయి దరఖాస్తును ఏ విభాగానికి పంపాలో చదివేవారికి తెలియక పక్కన పెట్టేస్తారు.

ఎవరికి రాయాలన్నది మీ పాత ఫ్యాక్టరీలోనే ఉంది. టెంక తీసి గుజ్జు పిండే యంత్రం, దానిని వేడిచేసి చల్లార్చే యంత్రం, సూక్ష్మక్రిములు లేని అసెప్టిక్ సంచులు నింపే ఫిల్లరు, బ్రిక్స్ (గుజ్జులోని తీపి శాతం) చూసే రిఫ్రాక్టోమీటరు, వీటన్నిటికీ తయారీదారు పేరు, ఊరు ఉన్న రేకు బిగించి ఉంటుంది. అక్కడ పనిచేస్తున్న స్నేహితులను ఆ రేకుల ఫొటోలు పంపమని అడగండి. వాటిలో జర్మనీవి ఎన్ని ఉంటే అన్ని చిరునామాలు మీకు దొరికినట్లే. తరువాత మన తోతాపురి గుజ్జును దిగుమతి చేసుకునేవారిని, పండ్లరసాలు, పెరుగులో కలిపే పండ్ల మిశ్రమాలు తయారుచేసేవారిని వెతకండి. వారి ల్యాబులో డ్రమ్ము తెరిచి పరీక్షించేవారికి గుజ్జు మాత్రమే కనిపిస్తుంది. జూన్‌లో ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరిన లారీలలో కాయ ఎంత పక్వంతో దిగింది, మాగబెట్టిన తరువాత బ్రిక్స్ ఎంత పెరిగింది అన్నవి నాలుగేళ్లు దగ్గరుండి చూసినవారు మీరు. ఆ సంగతి మీ లేఖలో మొదటి రెండు వాక్యాలలోనే కనిపించాలి.

ఇది నేను పడి నేర్చుకున్న విషయం. శ్రీసిటీలో ప్యాకింగ్ లైన్ మెయింటెనెన్సు చేసి వచ్చిన నేను, మొదటి ఐదు నెలలూ మీలాగే అందరికీ ఒకే లేఖ పంపాను. చివరకు నేను అక్కడ మరమ్మతు చేసిన యంత్రాన్ని తయారుచేసిన చిన్న కంపెనీకి, మన మే నెల ఎండలకు అందులో ఏ భాగం ముందుగా పాడవుతుందో, దానిని మేము ఎలా సరిచేసుకున్నామో అరపేజీ రాసి పంపాను. వారంలోపే సర్వీసు విభాగం అధిపతి స్వయంగా ఫోన్ చేశారు. పాత కంపెనీ కొనుగోలుదారుల పేర్లు, అంతర్గత వివరాలు మాత్రం ఎన్నడూ రాయకండి. అది న్యాయం కాదు, చదివేవారికి మీ మీద నమ్మకం కూడా పోతుంది.

లేఖ ఒక పేజీ దాటకూడదు. జర్మన్ కంపెనీల వెబ్‌సైటులలో సంస్థ చిరునామా, సంప్రదింపు వివరాలు ఇచ్చే ఇంప్రెస్సుమ్ అనే పేజీ ఉంటుంది, అందులోని నంబరుకు ఫోన్ చేసి, ఆ విభాగం ఎవరు చూస్తారో అడిగి, వారి పేరు మీదనే రాయండి. బీ1 జర్మన్‌తో ఈ ఫోన్ చేయడం కష్టమే, కానీ అడగవలసిన నాలుగు వాక్యాలు ముందే కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది. బయోడేటాలో తండ్రి పేరు, మతం, చివర మనం రాసే ప్రమాణ వాక్యం తీసివేయండి. విదేశీ డిగ్రీలకు జర్మనీలో ఉన్న గుర్తింపును చూపే అనాబిన్ అనే వెబ్‌సైటు నుంచి మీ డిగ్రీకి సంబంధించిన ప్రింటు జతచేయండి. అన్నిటికంటే ముఖ్యంగా, మన అనుభవ ధ్రువపత్రాలలో హోదా, తేదీలు తప్ప మరేమీ ఉండవు. ఇక్కడివారు చేసిన పనుల వివరం చూస్తారు కాబట్టి, మీ పాత మేనేజరుగారిని అడిగి పరీక్షలు, పరికరాలు, బాధ్యతలు పేర్కొంటూ కొత్త లేఖ తెప్పించుకోండి. సీజన్ మొదలైతే ఆయనకు ఊపిరి సలపదు, అందువల్ల ఇది ముందే చేయండి.

2024 జూన్‌లో వచ్చిన చాన్సెన్‌కార్టె గురించి చిన్న కంపెనీలవారికి తెలియకపోవచ్చు, వీసా చిక్కులని భయపడి వదిలేయవచ్చు. అందుకే లేఖ చివర, వారానికి 20 గంటల వరకు పనిచేయడానికి, ఒక్కో సంస్థలో రెండు వారాల వరకు ప్రయోగాత్మకంగా పనిచేయడానికి మీకు ఇప్పుడే అనుమతి ఉందని స్పష్టంగా రాయండి. రెండు వారాలు చూసి నిర్ణయించుకోవచ్చునంటే ఎదుటివారికి కూడా ధైర్యం వస్తుంది.

ఇకపై వారానికి ఐదు లేఖలు చాలు. పంపిన రెండు వారాలకు ఒకసారి ఫోన్ చేసి విచారించండి. మొదటి లేఖ చిత్తుప్రతి నాకు పంపితే జర్మన్ వాక్యాలు సరిచూస్తాను. ఆదివారం మధ్యాహ్నాలు నాకు తీరిక ఉంటుంది.