అప్‌డేట్: జాంబపురాణం పటాల డిజిటైజేషన్‌కు నిధులు దొరికాయి

డక్కలి కళాకారులు మాదిగలకు చెప్పే వాళ్ల కుల పుట్టుక కథ జాంబపురాణం. ఆ కథను బొమ్మల్లో చూపే పటాలు (చుట్టగా చుట్టే పొడవాటి బొమ్మల గుడ్డలు), పాత క్యాసెట్ల డిజిటైజేషన్‌కు నిధులెక్కడ దొరుకుతాయని ఇక్కడ అడిగాను. సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు.

బ్రిటిష్ లైబ్రరీవాళ్లు 2004 నుంచి నడిపే ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ (పాడైపోయే ప్రమాదమున్న పాత సామగ్రి డిజిటైజేషన్‌కు గ్రాంట్లిచ్చే పథకం) చూడమన్న సలహా ఫలించింది. పటాలకు పైలట్ గ్రాంట్ (తొలి దశ పనికిచ్చే చిన్న గ్రాంట్) వచ్చింది. అసలు ప్రతులు దేశం దాటకూడదన్నది వాళ్ల నిబంధన. అది విన్నాకే పటాలున్న కుటుంబాల పెద్దలు ఒప్పుకున్నారు. నాకు అన్నిటికంటే సంతోషం అదే.

క్యాసెట్లు పాతవే అయినా ఆధునిక కాలానివి కాబట్టి వాటికి అమెరికాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ లైబ్రరీ నడిపే మోడర్న్ ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్‌కు విడిగా దరఖాస్తు పెడుతున్నాం. రెండు ప్రోగ్రాములకూ డబ్బిచ్చేది ఆర్కేడియా సంస్థే.

పటాలకు పెద్ద స్కానర్ కావాలేమోనని పడ్డ టెన్షన్ అనవసరం. పటాన్ని కెమెరాతో భాగాలుగా తీస్తే సరిపోతోంది. మీరూ ఇలాంటి దరఖాస్తు పెడితే, బొమ్మలను వివరించే డక్కలి పెద్దల పారితోషికం మాత్రం బడ్జెట్‌లో ముందే రాయండి. వాళ్లు లేకుండా కేటలాగు తయారవదు.