షుగర్ ఉన్న ఎలుకలకి రేడియేషన్ ఇస్తే మెదడులో కొత్త కణాలు పుట్టవట, మనుషులకీ అంతేనా?

నాగావళి_గట్టు:
మాది శ్రీకాకుళం. అమ్మకి 58 ఏళ్లు, 14 ఏళ్లుగా షుగర్. రొమ్ము కేన్సర్ మెదడుకి పాకిందని విశాఖలో తలకి 10 రోజుల రేడియేషన్ రాశారు, సోమవారం మొదలు. రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో వెతుకుతుంటే ఈ ఎలుకల ప్రయోగాలు కనబడ్డాయి, అప్పటినుంచి ఒకటే టెన్షన్. అసలే అమ్మ కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టేసి ఇల్లంతా వెతుకుతోంది. ఇంకా మరుపు పెరిగితే ఏటి చెయ్యాలి?

ఎలుకల_మేస్త్రి:
నేను ఎం.ఫార్మసీలో ఈ ఎలుకలతోనే పనిచేశాను. ముందు ఒకటి అర్థం చేసుకోండి, వాటికి షుగర్ దానంతటది రాలేదు, మేమే తెప్పిస్తాం. స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ఎక్కిస్తే ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు చచ్చిపోతాయి, రెండు మూడు రోజుల్లో షుగర్ ఆకాశానికి వెళ్లిపోతుంది. సాయంత్రం బోనులో వేసిన పొడి పొట్టు తెల్లారేసరికి తడిసి ముద్దయ్యేది, అంత మూత్రం పోసేవి పాపం. మీ అమ్మగారిది బహుశా టైప్ 2, మందులు వాడుతున్న షుగర్.

ఇక మెదడు సంగతి. జ్ఞాపకాలకి ముఖ్యమైన హిప్పోకాంపస్‌లో డెంటేట్ గైరస్ అని చిన్న చోటుంది, ఎదిగిన ఎలుకల్లోనూ అక్కడ కొత్త న్యూరాన్లు, అంటే నాడీకణాలు, పుడతాయి. షుగర్ వాటిని తగ్గిస్తుంది. రేడియేషన్ కూడా విభజన చెందే కణాలనే ముందు కొడుతుంది, పైగా అక్కడ వాపు పుట్టిస్తుంది. 2002లో ఎలుకలకి 10 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) ఒకేసారి ఇస్తే కొత్త న్యూరాన్లు దాదాపు ఆగిపోయాయి, మరుసటేడు ఇండోమెథాసిన్ అనే వాపు తగ్గించే మందు ఇస్తే కొంత తిరిగొచ్చాయి. అంటే రెండు దెబ్బలూ ఒకేచోట పడతాయన్నది నిజమే. కానీ మనుషులకి డోసు విడగొట్టి రోజుకింత ఇస్తారు. అసలు పెద్దవాళ్ల మెదడులో కొత్త న్యూరాన్లు పుడతాయా అన్నదానిమీదే 2018లో ఒకదానికొకటి అడ్డంగా పరిశోధనలు వచ్చాయి, గొడవ ఇంకా తేలలేదు. ఎలుక లెక్క తెచ్చి అమ్మకి కట్టకండి.

గంటస్తంభం_దగ్గర:
విజయనగరం నుంచి. పోయినేడు నాన్నకి ఇదే జరిగింది, నాకు ఎలుకలు తెలీవు గానీ డెక్సా తెలుసు. మెదడులో వాపు తగ్గడానికి ఇచ్చే ఆ స్టెరాయిడ్ షుగర్‌ని అమాంతం పెంచేస్తుంది. పొద్దున్న పరగడుపున 140 ఉందని మేం ధీమాగా ఉన్నాం, మూడోరోజు సాయంత్రం చూస్తే 412! ఆయన తికమకగా మాట్లాడుతుంటే రేడియేషన్ వల్లేమో అనుకుని ఏడ్చాం, ఇన్సులిన్ మొదలెట్టాక రెండ్రోజుల్లో మామూలైపోయారు. మధ్యాహ్నం, సాయంత్రం కూడా చూడండి. డెక్సా మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

ఎలుకల_మేస్త్రి:
ఇది నాకంటే పనికొచ్చే మాట. ఇంకోటి, హిప్పోకాంపస్‌ని తప్పించి రేడియేషన్ ఇచ్చే పద్ధతుంది, దాంతోపాటు మెమాంటిన్ అనే మతిమరుపు జబ్బుకి వాడే మాత్ర ఇస్తే మరుపు తగ్గుతోందని 2020లో అమెరికా ట్రయల్‌లో తేలింది. అందరికీ కుదరదు, అయినా అడగండి.

నాగావళి_గట్టు:
అడిగానండీ. ఒక గడ్డ ఆ చోటుకి ఆనుకుని ఉందట, తప్పించడం కుదరదన్నారు, మెమాంటిన్ రాశారు. షుగర్ చూసే స్ట్రిప్స్ రెండు డబ్బాలు కొన్నాను. కళ్లజోడు ఇవాళ బియ్యం డబ్బాలో దొరికింది, అమ్మే నవ్వింది.