పాత రాతిమిద్దె కొనేముందు ఇంటిని పరీక్ష చేయించాలా, స్థలం కొలిపించుకుంటే చాలా?

యలహంక వాసి:

సభ్యులందరికీ నమస్కారం. ఇరవై రెండేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాను. మా పెద్దలది హిందూపురం పక్క పల్లె. ఉద్యోగ విరమణ తరువాత ఏడాదిలో సగం రోజులైనా అటు వెళ్ళి ఉండాలన్న ఉద్దేశంతో లేపాక్షికి దగ్గరలో ఒక పాత రాతిమిద్దె చూశాను. గోడలు రెండడుగుల మందం, రాళ్ళ నడుమ మట్టి అడుసు, లోపలివైపు సున్నపు గార. పడసాల, రెండు గదులు, వెనక పశువులను కట్టే గాడిపాడు, పైన దూలాలు, వాటికి అడ్డంగా పరిచిన సన్నని దంతెలు, వాటి మీద చౌడుమట్టి పోసిన మట్టిమిద్దె, నడిమింట వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాక్షి. ఇల్లు ఎప్పుడు కట్టారో అమ్మేవారికీ తెలియదు. తమ తాతగారి పెళ్ళి ఈ ఇంట్లోనే జరిగిందని మాత్రం చెబుతున్నారు.

బయానా ఇచ్చేముందు ఒక ఇంజనీరు చేత ఇంటిని పరీక్ష చేయించాలని నేను, అది శుద్ధ దండగ అని మా బావమరిది పట్టుబట్టి కూర్చున్నాము. సర్వే చేయిస్తానని అమ్మేవారితో అంటే, గొలుసు పట్టుకుని వచ్చే సర్వేయరు గురించే అనుకుని సంతోషంగా ఒప్పుకున్నారు. స్థలాన్ని కాదు, గోడలను, దూలాలను చూపిస్తానని విడమరచి చెప్పేసరికి మొహం మాడ్చుకున్నారు. తెలిసినవారు తమ అభిప్రాయం చెప్పగలరు.

మారతహళ్ళి మామయ్య:

మీ బావమరిది గారి మాటే సబబు. పల్లెలో పాత ఇంటికి మీరిచ్చే ధరలో అధికభాగం స్థలానిదే. ఇల్లు దాని మీద ఉచితంగా వస్తుంది. ముసలి ఎద్దుకు పళ్ళు లెక్కపెట్టి ఏం లాభం? గోడ పడిపోతే రాళ్ళు మిగులుతాయి, ఆ రాళ్ళతోనే మళ్ళీ కట్టుకోవచ్చు. హక్కులో చిక్కు వస్తే మాత్రం మీకు రాయి కూడా మిగలదు.

మీరు చెప్పిన ఇల్లు ఊరి నడుమ ఉంటే అది బహుశా గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ళకని వదిలిన భూమిలో, ఉంటుంది. గ్రామకంఠమంతా ఒకే సర్వే నంబరు కింద ఉండడం, ఇంటింటికీ విడిగా పటం లేకపోవడం మన పల్లెల్లో మామూలే. పాత పంపకాలు చాలావరకు రిజిస్టరు కాని కాగితాల మీద, కొన్ని నోటిమాట మీద జరిగాయి కనుక ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీస్తే ఖాళీగా వస్తుంది. ఖాళీగా ఉన్నంత మాత్రాన చిక్కు లేదని అర్థం కాదు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకాన్ని ప్రారంభించి, డ్రోన్లతో ఊరి ఇళ్ళ హద్దులు గీసి కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది ఈ లోటు తీర్చడానికే. మీ పల్లెలో ఆ పని పూర్తయిందో లేదో ముందు కనుక్కోండి. వారసులెందరు, అందరూ సంతకం చేస్తారా, ఆడపిల్లల వాటా తేలిందా, ఇవి చూసుకోండి. ఇంజనీరుకు ఇచ్చే డబ్బు వకీలుకు ఇవ్వండి.

దూలం దంతె:

నేను కట్టడాల ఇంజనీరును. నా మాటలో వృత్తి పక్షపాతం ఉందనుకున్నా తప్పులేదు. హక్కుల గురించి మామయ్య గారు చెప్పినదంతా నిజమే. అయితే ఇల్లు ఉచితంగా వస్తుందన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం, ఎందుకంటే ఆ ఉచితపు ఇంటి కప్పు కిందనే మీరు పడుకోబోతున్నారు.

రెండడుగుల రాతిగోడ నిజానికి ఒక గోడ కాదు. బయట ఒక వరుస, లోపల ఒక వరుస పేర్చి, నడుమ చిల్లరాళ్ళు, మట్టి కూరతారు. ఆ రెండు వరుసలను విడిపోకుండా పట్టుకునేవి గోడ మందమంతా అడ్డంగా దూరి ఉండే పొడవాటి రాళ్ళు మాత్రమే. అలాంటి రాయి ఎత్తులో ప్రతి 60 సెంటీమీటర్లకు, పొడవులో 1.2 మీటర్లకు మించని దూరంలో ఉండాలని మన భారతీయ ప్రమాణాల్లో ఉంది. పాత పల్లె ఇళ్ళలో కట్టిన మేస్త్రీ ఓపికను బట్టి ఉంటాయి, లేదంటే లేవు. అవి లేనిచోట పైనుంచి నీరు దిగితే నడుమనున్న మట్టి కిందికి జారి కూరుకుని బయటి వరుసను తోస్తుంది, గోడ కడుపుతో ఉన్నట్టు ఉబ్బుతుంది. లోపలి గార మాత్రం నున్నగానే ఉంటుంది కనుక గది మధ్యలో నిలబడి గోడలు చూసి మెచ్చుకుంటే ఏమీ తెలియదు. బయటికి వెళ్ళి, పిట్టగోడ మీదనుంచి తూకం గుండు వదిలి, ప్రతి అడుగు ఎత్తు దగ్గర దారానికీ గోడకూ నడుమ దూరం కొలిచి కాగితం మీద రాసుకోవాలి. ఒక్కో గోడకు మూడు చోట్ల చాలు.

కప్పు సంగతి ఇంకా ముఖ్యం. మట్టిమిద్దెకు వానలు వచ్చేముందు కొత్త చౌడు పోస్తారు గానీ పాతది దించరు. యాభై అరవై ఏళ్ళలో ఆ మందం ఎంతకు పెరిగిందో ఇంట్లోవారికే తెలియదు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గది మీద ఒక అడుగు మందం మట్టి ఉంటే, ఎండి ఉన్నప్పుడే దాని బరువు దాదాపు నాలుగున్నర టన్నులు. తడిస్తే ఇంకా ఎక్కువ. మీ ఇంట్లో గవాక్షి ఉందన్నారు కనుక తవ్వకుండానే కొలవవచ్చు. గవాక్షిలోంచి టేపు నిలబెట్టి, దంతె పై అంచు నుంచి మిద్దె పైమట్టం దాకా ఎన్ని అంగుళాలుందో చూడండి.

దూలాన్ని నడుమ తట్టి ఖంగుమంటే గట్టిగా ఉందనుకోవడం అందరూ చేసే పని. దూలం చెడేది నడుమ కాదు, గోడలో దూరిన చివరి జానెడు దగ్గర, చెమ్మా చెదలూ కలిసే చోట. అక్కడ సన్నని స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. ఇక గోడ కింది మూడడుగులకు మాత్రం కొత్తగా సిమెంటు పూత కనిపిస్తే దాన్ని మరమ్మతుగా కాక ఒక ప్రశ్నగా చూడండి. సున్నపు గార గోడలోని చెమ్మను బయటికి వదులుతుంది; సిమెంటు దాన్ని లోపలే బిగించి పైకి ఎక్కిస్తుంది, నాలుగో అడుగు దగ్గర ఉప్పు తేలి గార పొరలు పొరలుగా రాలడం మొదలవుతుంది.

గానుగ సున్నం:

దూలం దంతె గారి పరిశీలనతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తాను. పరీక్ష చేయించడం మంచిదే, ఎవరి చేత అన్నదే అసలు ప్రశ్న. నేను మదనపల్లె వైపు ఇలాంటి ఇల్లే కొన్నప్పుడు బెంగళూరు నుంచి ఒక ఇంజనీరును తీసుకువెళ్ళాను. ఆయన కాంక్రీటు గట్టిదనం కొలిచే సుత్తి ఒకటి తెచ్చి, మట్టి అడుసుతో పేర్చిన రాతిగోడ మీద పద్దెనిమిది చోట్ల కొట్టి, పట్టికలు గీసి, ఇల్లు నివాసయోగ్యం కాదు, కూల్చి కాంక్రీటు స్తంభాలతో కట్టుకోండని నివేదిక ఇచ్చారు. ఆ సుత్తి చెప్పేది రాయి గట్టిదనమే తప్ప గోడ సంగతి కాదని నాకు తరువాత తెలిసింది. ఆ ఊరి రాతిపని మేస్త్రీ వచ్చి, రెండు దూలాలు మార్చి, చౌడు సగానికి దించి, తూము బాగుచేస్తే చాలన్నారు. అలాగే చేశాము. తొమ్మిదేళ్ళయింది, ఇల్లు నిలిచే ఉంది.

అలాగని మేస్త్రీ ఒక్కరి మాటే నమ్మమని అనను. పని తనకే వస్తుందని తెలిసిన మేస్త్రీకి ప్రతి గోడా బాగుపడేదిగానే కనిపిస్తుంది. ఇద్దరినీ ఒకే రోజు ఒకే ఇంట్లో నిలబెట్టి, వారు వాదించుకుంటుంటే వినడం నాకు తెలిసిన మంచి పద్ధతి.

కావేరి నీళ్ళు:

ఉద్యోగరీత్యా స్కాట్లాండులో కొన్నేళ్ళున్నాను. అక్కడ 2008 డిసెంబరు నుంచి ఇల్లు అమ్మకానికి పెట్టేవారే, కొన్ని మినహాయింపులు తప్ప, తమ ఖర్చుతో ఇంటి స్థితి నివేదిక తయారుచేయించి కొనేవారికి చూపాలి. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు. బ్యాంకు అప్పు కోసం వచ్చే మదింపుదారు చూసేది బ్యాంకు డబ్బు క్షేమాన్ని, మీ నిద్రను కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షను ప్రకారం తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారు దాచకూడదు. కానీ కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టగలిగిన లోపానికి అది వర్తించదు. ఉబ్బిన గోడ వీధిలోంచి కనబడుతుంటే రేపు కోర్టులో మీకే ప్రశ్న ఎదురవుతుంది.

మారతహళ్ళి మామయ్య:

చట్టం మాట ఒప్పుకుంటాను. అయినా లెక్క మారదు. నివేదికలో ఏముంటుందో ఇప్పుడే చెప్పగలను: గోడ పాతది, దూలం పాతది, మట్టి బరువు. ఆ మూడూ తెలిసే కదా కొంటున్నది? వంద ఏళ్ళ వానలకు, గాలులకు నిలిచిన గోడకు మన సర్టిఫికెట్టు కావాలా? పైగా అది వానలు తక్కువ పడే సీమ.

దూలం దంతె:

వానలు తక్కువ కావడం వల్లనే అక్కడ మట్టిమిద్దెలు నిలిచాయి. అందువల్లనే ఒక్క ఏడు ఎడతెగకుండా కురిస్తే కూలుతున్నాయి. 2021 నవంబరు వానలు సీమలో ఎవరూ మరచిపోలేదు. ఇన్నాళ్ళు నిలిచింది కనుక ఇకముందూ నిలుస్తుందన్న తర్కానికి ఇంకొక జవాబు కూడా ఉంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో వచ్చిన భూకంపంలో దాదాపు ఎనిమిది వేలమంది చనిపోయారు. వారిలో అత్యధికులు ఇలాంటి మందపు రాతిగోడలు, బరువైన మట్టికప్పులు ఉన్న ఇళ్ళ కిందనే నలిగిపోయారు. అప్పటి భూకంప పటంలో ఆ ప్రాంతం అన్నిటికన్నా క్షేమమైన ఒకటో జోనులో ఉండేది. 2002లో ఆ జోనునే ఎత్తివేసి రెండో దానిలో కలిపారు. ఆ 2002 పటంలో హిందూపురం ఉన్నది ఆ రెండో జోనులోనే. భయపెట్టడానికి చెప్పడం లేదు, కప్పు బరువు తగ్గించండని చెప్పడానికి చెబుతున్నాను. ఎంత తగ్గించాలో తెలియాలంటే ఎంత ఉందో కొలవాలి.

యలహంక వాసి (నాలుగు వారాల తరువాత):

అందరికీ కృతజ్ఞతలు. గానుగ సున్నం గారి సలహా ప్రకారం మట్టి కట్టడాల్లో అనుభవమున్న ఒక ఇంజనీరును, ఆ ఊరివైపే డెబ్భై ఏళ్ళ రాతిపని మేస్త్రీని ఒకే ఆదివారం తీసుకువెళ్ళాను. మామయ్య గారి సలహా ప్రకారం వకీలుకు కాగితాలు చూపించాను, సర్వేయరును కూడా పిలిపించాను.

తూర్పు గోడ నాలుగో అడుగుకూ ఆరో అడుగుకూ మధ్య రెండున్నర అంగుళాలు బయటికి వచ్చింది. గవాక్షి దగ్గర చౌడు మందం పద్నాలుగు అంగుళాలు. మేస్త్రీ దాన్ని చూసి, మూడు తరాల మిద్దెలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయని నవ్వారు. పడసాల దూలాల్లో ఒకదాని చివర స్క్రూడ్రైవరు పిడి దాకా దిగింది. ఇంతవరకు మామయ్య గారు ముందే చెప్పినట్టే.

ఊహించనిది ఉత్తరపు గోడ. ఇంజనీరు మిద్దె ఎక్కి కొలతలు తీస్తుంటే మేస్త్రీ కింద నిలబడి, పక్కింటి దూలాలు ఎక్కడ కూర్చున్నాయో చూడమన్నారు. పక్కింటివారి అనుమతితో లోపలికి వెళ్ళి చూస్తే వారి దూలాలు మూడూ ఈ గోడలోనే దూరి ఉన్నాయి. అంటే అది ఉమ్మడి గోడ. సర్వేయరు పటంలో అక్కడ ఒక గీత మాత్రమే ఉంది. దస్తావేజు ముసాయిదాలో నాలుగు దిక్కుల హద్దులు రాసే చెక్కుబందీలో ఆ గోడ పూర్తిగా అమ్మేవారిదేనని రాసి ఉంది. కూల్చి ఆ రాళ్ళతోనే మళ్ళీ కట్టుకోవచ్చన్న ఆలోచనతో నేను కొని ఉంటే, మొదటి గడ్డపార దెబ్బకే పక్కింటి కప్పు నా మీద పడేది.

వకీలు చెక్కుబందీ మార్పించి, ఉమ్మడి గోడ అని రాయించి, సాక్షిగా పక్కింటి పెద్దాయన సంతకం పెట్టించాలన్నారు. అమ్మేవారు మొదట కోపగించుకున్నారు గానీ, దారం దగ్గర రాసుకున్న కొలతల కాగితం చూపించాక ధరలో లక్షన్నర తగ్గించారు. ఈశాన్య మూలలో నిలువునా ఉన్న బీట ఇంకా కదులుతోందా, పాతదేనా అన్నది మాత్రం తేలలేదు. అందుకని గోడ కదిలితే చిట్లేలా దాని మీద అడ్డంగా మూడు చోట్ల సన్నని గాజుపట్టీలు అంటించి, పక్కన తేదీ వేశాము. అక్టోబరు వానలు పోయేదాకా బయానా ఇవ్వనని చెప్పాను.

మారతహళ్ళి మామయ్య:

ఉమ్మడి గోడ విషయంలో నా లెక్క తప్పింది, ఒప్పుకుంటున్నాను. అయితే దాన్ని కనిపెట్టింది మీ ఇంజనీరు కాదు, మేస్త్రీ అన్న సంగతి ఇక్కడ నమోదు కావాలి. గాజుపట్టీలు దేనితో అంటించారు? సున్నంతో అంటిస్తే గోడ కదలకపోయినా ఊడివస్తాయి.

యలహంక వాసి:

గార గోకి, రాతికే ఎపాక్సీ జిగురుతో అంటించాము. మొన్న రాత్రి వాన తరువాత పక్కింటి పెద్దాయన ఫోను చేశారు. పైదీ, కిందదీ బాగానే ఉన్నాయట, నడుమది చిట్లింది. మేస్త్రీ సోమవారం వస్తానన్నారు.