అగ్నిమాపకం: మంటను ఆర్పేదా, కొలిచేదా?

ప్రశ్న: మేముండేది ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్ కౌంటీలో. ఇక్కడి ఫైర్ సర్వీస్ చరిత్రను తెలుగు బడి పిల్లల కోసం రాస్తున్నాను. 'అగ్నిమాపక దళం' అని రాస్తే ఒక పెద్దాయన తప్పు పట్టారు. ఉష్ణమాపకం వేడిని కొలిచేదైతే, అగ్నిమాపకం మంటను కొలిచేదా అన్నారు. 'అగ్నిశామక' అని దిద్దాలా?

– వద్దండీ. ఉష్ణమాపకంలో ఉన్నది సంస్కృత 'మాపక'. అగ్నిమాపకంలో ఉన్నది మన తెలుగు 'మాపు', రూపుమాపడంలో ఉన్నదే. ముందు అగ్ని, వెనక 'క' తగిలించారు. సంకరమే, కానీ వాడుకలో నిలబడిపోయింది. హిందీవాళ్లు శమన అంటారు, కన్నడిగులు శామక అంటారు, అది వాళ్లిష్టం. అయినా ఇంటికి నిప్పంటుకుంటే మనం పిలిచేది ఫైరింజన్‌నే!

– నా పేచీ 'దళం'తో. ఏ కాలం గురించి రాస్తున్నారు? రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటన్‌లో ఊరికో దళం, సుమారు 1,600 ఉండేవి. బాంబు దాడులప్పుడు పొరుగూరి వాళ్లు సాయానికొస్తే వాళ్ల గొట్టాల చివర బిగించే కప్లింగులు ఈ ఊరి హైడ్రెంట్లకు, అంటే వీధిలో నీళ్లు పట్టుకునే కుళాయిలకు, పట్టని సందర్భాలున్నాయి. నీళ్లుండీ ఏం లాభం? 1941 ఆగస్టులో అన్నింటినీ కలిపి జాతీయ సర్వీస్ చేశారు. 1948 ఏప్రిల్ 1న మళ్లీ కౌంటీలకు, పెద్ద పట్టణాలకు అప్పగించారు. అప్పుడు మీ హాంప్‌షైర్‌ది 'బ్రిగేడ్', కాబట్టి దళమే. సౌతాంప్టన్, పోర్ట్స్‌మత్ దళాలు అందులో కలిసింది 1974లో. 2021లో ఐల్ ఆఫ్ వైట్ దీవి సర్వీస్ కూడా కలిసింది. ఇప్పటి పేరు 'ఫైర్ అండ్ రెస్క్యూ సర్వీస్', ఇక్కడ 'సేవ' అనాలి.

ప్రశ్న అడిగినవారు: మరి రెస్క్యూ? 'రక్షణ' అంటే పిల్లలకు సైన్యం గుర్తొస్తుంది.

– పత్రికల్లో 'సహాయక చర్యలు' అంటారుగా, 'అగ్నిమాపక, సహాయక సేవ' అనండి.

– అలా అంటే ఇంకో చిక్కు. 1938లో యుద్ధభయంతో వాలంటీర్లను చేర్చుకుని ఆగ్జిలరీ ఫైర్ సర్వీస్ పెట్టారు. ఆగ్జిలరీ అన్నా సహాయకమే, మరి దాన్ని ఏమంటారు? 'సహాయక' అక్కడ ఖర్చయిపోతుంది. పైగా రెస్క్యూ అంటే వట్టి సాయం కాదు, నుజ్జయిన కారును కోసి మనిషిని బయటికి తీయడం. ఎప్పటినుంచో చేస్తున్న ఆ పనిని 2004 చట్టం వాళ్ల బాధ్యతల్లో చేర్చింది.

– ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో శాఖ పేరులో 'విపత్తు స్పందన' ఉంది, అది పనికొస్తుందేమో?

– విపత్తంటే వరద, తుఫాను అండీ. ఒక్క కారు ప్రమాదానికి మరీ పెద్ద మాట.

ప్రశ్న అడిగినవారు: సరే, 1948కి 'హాంప్‌షైర్ అగ్నిమాపక దళం', ఇప్పటికి 'అగ్నిమాపక, రెస్క్యూ సేవ' అని రాస్తున్నాను. కౌంటీని జిల్లా చేయమని మాత్రం అడక్కండి.