అప్‌డేట్: మేనత్త వాటా తేలింది, ఇంకొన్ని ఇంటి కబుర్లు

తాతగారి పొలంలో మా మేనత్తకు వాటా వస్తుందా అని వేసవిలో ఇక్కడ అడిగాను. నేను గుంటూరులో లా చివరి సంవత్సరం. అత్త పెళ్లి 1984లో అయింది. హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబర్ 5కు ముందు పెళ్లయిన కూతుళ్లకు హక్కు ఇవ్వలేదు కాబట్టి రాదని బాబాయ్ పట్టు.

వాటా వస్తుందని మీలో చాలామంది చెప్పిందే నిజం. అదే చట్టానికి 2005లో కేంద్రం చేసిన సవరణలో ఆ పెళ్లి షరతు లేదు. ఆ సవరణ అమల్లోకి వచ్చిన రోజుకి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్డ్ పంపకం జరిగి ఉంటే వేరే సంగతి. మాకు అసలు పంపకమే జరగలేదు. నేను చెబితే వినని బాబాయ్, తెనాలి వకీలు గారు చెప్పాక మెత్తబడ్డారు.

లోక్ అదాలత్‌లో రాజీ చేసుకున్నాం. ఆ అవార్డుకు, అంటే అక్కడి తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. అత్త మాత్రం తనకు రావాల్సిన దానికంటే తక్కువే తీసుకుంది. హక్కున్న మనిషి ఎందుకు తగ్గాలని నాన్నతో గట్టిగా వాదించాను, ఆ బాధ ఇంకా పోలేదు. "పుట్టింటి గడప తొక్కనిస్తే చాలురా" అంది అత్త.

అక్కకి పాప పుట్టింది, నాన్నమ్మ పేరే పెట్టారు. సంక్రాంతికి అరిసెల పాకం అత్తే పడుతుందట. నాకు పరీక్షల టెన్షన్, హత్య అంటే పాత ఐపీసీ సెక్షన్ 302 బదులు కొత్త భారతీయ న్యాయ సంహితలోని 103 అని అలవాటు చేసుకుంటున్నాను.

ఏయే కాగితాలు తీయాలో ఓపిగ్గా చెప్పినవాళ్లకి అత్త తరఫున కూడా థాంక్స్.