వలస కార్మికుల పిల్లలకు కంప్యూటర్ పాఠాలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నమస్కారం. బెంగళూరులోని మారతహళ్లి దగ్గర భవన నిర్మాణానికి కర్నూలు వైపు నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకు ఆదివారాలు చదువు చెబుతున్నాను. ఇంటికొకటే ఫోను, అదీ తండ్రి వెంట పనికి వెళ్ళిపోతుంది. మౌస్ చేతికిస్తే ఒక పాప దాన్ని తెరకే ఆనించి జరిపింది. ఏది ముందు నేర్పమంటారు?

జవాబు 1: తెలుగు టైపింగ్ నేర్పండి. భారతీయ భాషల కోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి కనుక పిల్లలకు త్వరగా పట్టుబడుతుంది. తన పేరు తెరపై తానే చూసుకున్న పిల్లకు బెదురు పోతుంది.

జవాబు 2: 2017లో వచ్చిన దీక్షా అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లో తెలుగు పాఠాలున్నాయి. ఒకసారి దించుకుంటే నెట్ లేకున్నా చూడవచ్చు. ఓటీపీ ఎవరికీ చెప్పరాదనీ, ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలనీ తల్లులకు కూడా చెప్పండి, ఇది వాయిదా వేయదగినది కాదు.

జవాబు 3: కబ్బన్ పార్కు గ్రంథాలయానికి ఒకసారి తీసుకెళ్ళండి.